కింది రెండు అరలు: వరద తర్వాత ఒక బడి లైబ్రరీ డైరీ

డిసెంబర్ 9, 2023, శనివారం

చెన్నైలో పుళియంతోపు వైపు ఉన్న ఈ తెలుగు మీడియం ఎయిడెడ్ బడిలో వరద నీళ్ళు తీశాక లైబ్రరీ గది ఇవాళే తెరిచారు. తలుపు ఉబ్బిపోయి సగం దాకా వచ్చి ఆగిపోయింది. సోమవారం 11న బడులు మొదలు. ఆలోపు గది ఖాళీ చేయించేద్దామని హెడ్మాస్టర్ గారు కూలీలనీ గోనె సంచులనీ సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయన తొందర ఆయనది. క్లాసు గదుల్లో చీలమండ దాకా బురద ఉంది, బెంచీలు కడగాలి, తాగే నీళ్ళ సంపు శుభ్రం చేయించాలి. లైబ్రరీ ఆయన పనుల్లో చివరిది.

"ఈ ఒక్క పూట ఆగండి సార్, ఫోటోలు తీసుకున్నాక మీరు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

మిచాంగ్ తుఫాను 3, 4 తేదీల్లో చెన్నైని ముంచి, 5న వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్లలో ఉన్న మా పిన్ని మా కోసం, మేము ఆవిడ కోసం కంగారుపడుతూ సిగ్నల్ లేని ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి ప్రతి తుఫానూ రెండు చోట్ల టెన్షనే.

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. నాతో వచ్చినవాళ్ళు లైబ్రరీ సైన్స్ చదువుతున్న పిల్లలు. మొదట ఈబీ (కరెంటు బోర్డు) అతన్ని పిలిపించి మెయిన్ ఆపించాం, ఎందుకంటే ప్లగ్ పాయింట్లు నీళ్ళలో మునిగాయి. తర్వాత దేన్నీ ముట్టుకోకుండా ప్రతి ర్యాక్‌కీ సుద్దతో నంబరు వేసి, ఎదురుగా ఒకటి, దగ్గరగా ఒకటి ఫోటో తీశాం. గోడ మీద నీటి గీత స్పష్టంగా ఉంది, పైన పసుపు, కింద నలుపు. టేపు పెడితే రెండడుగుల కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. అంటే ర్యాకుల్లో కింది రెండు అరలూ పూర్తిగా మునిగాయి, మూడో అర అడుగుభాగం తడిసింది. మద్రాసు విశ్వవిద్యాలయానికి 1924లో తొలి లైబ్రేరియన్‌గా వచ్చిన రంగనాథన్ గారి ఫోటో మాత్రం గోడ మీద పైన ఎక్కడో భద్రంగా ఉంది.

గోడ మీద కనిపించనిది ఒకటుంది. గదిలోకి వచ్చింది వాన నీళ్ళు మాత్రమే కాదు. ఓట్టేరి నుల్లా అనే కాలువ పొంగితే ఈ వీధుల్లోకి మురుగు వస్తుంది. కిటికీ పక్క ర్యాక్ మీద పడింది పైనుంచి జల్లు కొట్టిన వాన, అది మంచి నీళ్ళ కిందే లెక్క. నేల నుంచి వచ్చింది మురుగు. ఒకే గదిలో రెండు రకాల తడి ఉన్నప్పుడు "తడిసినవి ఇన్ని" అని ఒక్క అంకె రాస్తే ఏ పనికీ రాదు. అందుకే నష్టం రాసుకోవడానికి నేను తయారుచేసిన ఫారంలో మొదటి గడి: ఏ నీళ్ళు?

డిసెంబర్ 10, ఆదివారం

మాస్కులు, చేతి తొడుగులు లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వలేదు. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. ఇక్కడ దాదాపు వారం అయింది. పైగా చెన్నై డిసెంబర్. చిన్న తేమ మీటరు పెట్టి చూస్తే తొంభై శాతం దగ్గర ఆడుతోంది. నీళ్ళు తాకని పై అరల్లో కూడా అట్టల మీద బూడిద రంగు చుక్కలు వచ్చాయి. "పైవి బాగానే ఉన్నాయి కదా అక్కా" అంది ఒకమ్మాయి. వరద ముట్టని పుస్తకాన్ని ఆ తర్వాతి గాలి పాడుచేస్తుంది. అందుకని పై అరలని "బాగున్నవి" అని రాయలేదు, "గాలి తగలాలి" అని రాశాం.

కింది అరల పుస్తకాలు ఉబ్బి ర్యాకుల్లో ఇరుక్కుపోయాయి. బలంగా లాగితే వెన్ను ఊడి చేతికొస్తుంది. పక్క రేకు విప్పి ఒక్కొక్క అర మొత్తంగా దించాం. ప్రతి పుస్తకానికీ ఒక రంగు దారం. ఎర్రది మురుగులో మునిగినవాటికి, పసుపుది వాన నీళ్ళకి తడిసినవాటికి, ఆకుపచ్చది చెమ్మ మాత్రమే పట్టినవాటికి.

ఎర్ర దారం కట్టినవాటి గురించి టీచరమ్మతో కొంచెం వాదన జరిగింది. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా ఈ లైబ్రరీని చూసుకుంటున్నారు. "కడిగి ఎండబెడితే రావా?" అన్నారు. పుస్తకాన్ని మూసి పట్టుకుని మంచి నీళ్ళలో ముంచితే బురద పోతుంది నిజమే. కానీ ఇవి ఒకటో క్లాసు పిల్లలు వేలు తడి చేసుకుని పేజీలు తిప్పే పుస్తకాలు. పరిశోధకుడు తొడుగులు వేసుకుని చూసే అరుదైన ప్రతి అయితే కష్టపడొచ్చు. పిల్లల కథల పుస్తకం మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆవిడ ఇంకేం అనలేదు, కానీ ఒక్కొక్కటీ తీసి చూసి నంబరు రాయించింది ఆవిడే.

రంగుల బొమ్మల పుస్తకాల సంగతి వేరు. నున్నటి ఆర్ట్ పేపరు తడిసి ఆరిందంటే పేజీలన్నీ కలిసి ఇటుక అయిపోతాయి. ఆరకముందే ప్రతి పేజీకీ మధ్య కాగితం పెట్టగలిగితేనే ఆశ. కిటికీ పక్కన తడిసినవాటిలో కొన్నిటికి ఆ పని చేశాం. పెట్టే కాగితం అచ్చు వేయనిదై ఉండాలి. పాత దినపత్రిక పెడితే దాని సిరా పేజీకి ఎక్కుతుంది. రాయపేట వైపు ఒక ప్రెస్ వాళ్ళు రోల్ చివర మిగిలిన తెల్ల న్యూస్‌ప్రింట్ ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

కిటికీ ర్యాక్‌లోనే అసలైన ఆస్తి ఉంది. ఒకప్పుడు ఈ ఊళ్ళోనే అచ్చయిన తెలుగు పిల్లల మాసపత్రికల బైండులు, పాత విద్యార్థి ఎవరో ఇచ్చినవి. అంచుల్లో బూజు అప్పుడే మొదలవుతోంది. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టడానికి మనుషులూ లేరు, చోటూ లేదు. ఇలాంటప్పుడు చేయగలిగింది గడ్డకట్టించడం. మైనస్ పద్దెనిమిది, ఇరవై డిగ్రీల దగ్గర బూజు చావదు గానీ ఎదగడం ఆగుతుంది, మనకి టైం దొరుకుతుంది. పక్క వీధి ఐస్‌క్రీం కొట్టాయన సరుకంతా కరెంటు పోయిన రోజుల్లోనే కరిగిపోయింది, డీప్ ఫ్రీజర్ ఖాళీ. సంగతి చెప్తే ఆయన నవ్వి, "పొంగల్ దాకా వాడుకోండమ్మా, ఇప్పుడు ఐస్‌క్రీం ఎవరు తింటారు" అన్నాడు. వెన్ను కిందికి ఉండేలా, మైనపు కాగితంలో చుట్టి సర్దాం.

డిసెంబర్ 12

స్టాక్ రిజిస్టర్ టేబుల్ కింది సొరుగులో ఉండేది, తడిసింది. నీలం సిరా కారిపోయి సగం పేజీలు చదవడానికి లేవు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసే ఇష్యూ రిజిస్టర్ మాత్రం మొదటి అంతస్తులో హెడ్మాస్టర్ గారి బీరువాలో ఉంది. నెలాఖరున సంతకం కోసం పైకి వెళ్ళి, అక్కడే ఉండిపోయిందట. ఈ మొత్తం పనిలో కలిసొచ్చిన అదృష్టం ఇదొక్కటే.

తడి ఆరిందో లేదో చూడటానికి నాతో వచ్చిన పిల్లలకి ఒక చిట్కా నేర్పాను. పుస్తకాన్ని చెంపకి ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అనుమానమైతే కూరగాయల కాటా మీద పెట్టాలి. నిన్నటికీ ఇవాళ్టికీ బరువు మారకపోతే ఆరినట్టు. ఫ్యాన్లు గది గాలిని కదిలించాలి గానీ నేరుగా పుస్తకం మీదికి తిరక్కూడదు. మేడ మీద ఎండలో పరుద్దామని చాలామంది అన్నారు. ఎర్రటి ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది, రంగు పోతుంది. వరండా నీడ చాలు. టాల్కమ్ పౌడర్ చల్లమన్నవాళ్ళూ ఉన్నారు, వద్దన్నాను.

డిసెంబర్ 16, శనివారం

ఇవాళ ఇష్యూ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాం. అసలు విషయం ఇక్కడ బయటపడింది.

పుస్తకాల సంఖ్యని బట్టి చూస్తే నష్టం మూడో వంతు లోపే. ర్యాకుకి ఆరు అరలు, మునిగినవి రెండు, మొత్తం స్టాకులో అంతే పోయింది. ఈ అంకె విని హెడ్మాస్టర్ గారు కొంచెం తేలికపడ్డారు కూడా. కానీ గత రెండేళ్ళలో పిల్లలు తీసుకెళ్ళిన పుస్తకాల పేర్లు ఒక పక్క, ఎర్ర దారం కట్టినవాటి పేర్లు ఇంకో పక్క పెట్టి చూస్తే అంకె తిరగబడింది. పిల్లలు తీసుకెళ్ళినవాటిలో అత్యధిక భాగం ఆ కింది రెండు అరల్లోవే. నాలుగో అర, ఐదో అరలో ఉన్న లావు సంపుటాలు, పాత సంవత్సర గ్రంథాలు, పోటీ పరీక్షల పుస్తకాలు నిక్షేపంగా ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళినవాళ్ళు లేరు.

కారణం వెతకనక్కర్లేదు. చిన్నపిల్లలకి చేయి అందాలని ఎవరో మంచి టీచరు ఎప్పుడో చిన్న పుస్తకాలని కింద పెట్టారు. లైబ్రరీ సర్దేవాళ్ళకి మేము చెప్పేదీ అదే, పిల్లల ఎత్తుకి పెట్టమనే. నీళ్ళు కూడా కిందినుంచే వస్తాయి. కాబట్టి మంచిగా సర్దిన బడి లైబ్రరీలో వరద ముందు పట్టుకెళ్ళేది పిల్లలు నిజంగా చదివే పుస్తకాలనే. ఎవరూ చదవనివి అటక మీద క్షేమం.

అందుకే ఇకనుంచి నా ఫారంలో రెండు అంకెలు ఉంటాయి: స్టాకులో ఎంత పోయింది, చదువులో ఎంత పోయింది. మొదటిది ఆడిట్‌కి, రెండోది కొనేవాళ్ళకి. సాధారణంగా మొదటిది మాత్రమే రాస్తారు. దాన్ని చూసి దాతలు "మీకు మూడింట రెండు వంతులు మిగిలాయి కదా, పక్క బడికి ఇస్తాం" అంటే మనం ఏమీ అనలేం.

డిసెంబర్ 20

17, 18 తేదీల్లో తిరునెల్వేలి, తూత్తుకుడి మునిగాయి. తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్ల వాన పడింది. సహాయం అంతా అటు మళ్ళింది, మళ్ళాలి కూడా. తూత్తుకుడిలో ఉన్న నా పాత క్లాస్‌మేట్ ఫారం అడిగితే తమిళంలోకి మార్చి పంపాను. పంపేముందు కుదించి ఒక్క పేజీ చేశాను. పెద్ద ఫారం అయితే బురదలో నిలబడి ఎవరూ నింపరు. నీటి గీత ఎత్తు, ఏ నీళ్ళు, మునిగిన అరల్లో ఏ తరగతి పిల్లల పుస్తకాలు, ఏ భాషవి, ఇష్యూ రిజిస్టర్ ఉందా, కరెంటు సురక్షితమా, ఈ వారం ఎవరి సంతకం లేకపోతే పని ఆగుతుంది. ఇంతే. చివరి ప్రశ్నకి ఆవిడ నవ్వింది గానీ, మొదట నింపింది అదేనట.

జనవరి 6, 2024

అవసరాల పట్టిక కోసం పిల్లలతో కూర్చున్నాం. పేర్లు ఎవరికీ గుర్తుండవు. "నీలం అట్టది అక్కా, ఏనుగు చెరువులో పడుద్ది", "చివరి పేజీ చిరిగిపోయి ఉంటది, అది". ఈ గుర్తులు పట్టుకుని టీచరమ్మ టకటకా పేర్లు చెప్పేస్తుంటే నోరు తెరిచి చూశాను. రిజిస్టర్‌లో పేజీలు పోయినా ఆవిడ బుర్రలో క్యాటలాగు చెక్కుచెదరలేదు.

ఊహించనిది తమిళ పుస్తకాల సంగతి. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక తెలుగు మీడియం పిల్లలు కూడా తమిళం తప్పనిసరిగా నేర్చుకోవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో రెండూ. వీళ్ళు పోటీపడి తీసుకెళ్ళినవాటిలో పెద్ద అక్షరాల తమిళ కథలు చాలా ఉన్నాయి. తెలుగు బడి అనగానే దాతలు తెలుగు పుస్తకాలే తెస్తారు. పట్టికలో తమిళం స్పష్టంగా, పైన రాశాం.

దానాల గురించి ఒక మాట. మేము అడగకముందే మూటలు వచ్చాయి. పాత నీట్ గైడ్లు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు, ఎవరింట్లోనో అటక ఖాళీ అయిన వారపత్రికలు. వాటిని విడదీయడానికి ఒక శనివారమంతా పోయింది, తడి పుస్తకాలకి కావాల్సిన చోటు కూడా పోయింది. పంపినవాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ పట్టిక బయటికి వెళ్ళకముందు తలుపు తెరిచి ఉంచకూడదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు అచ్చు లేని కాగితం, పెడెస్టల్ ఫ్యాన్లు, మూతలున్న డబ్బాలు అడుగుతున్నాం. పుస్తకాలైతే పట్టికలో ఉన్నవే.

జనవరి 20

కొనడం అనుకున్నంత సులువు కాదు. నందనం వైఎంసీఏ మైదానంలో జరిగే పుస్తకాల సంతలో తమిళ పుస్తకాలన్నీ దొరికాయి, బేరం కూడా కుదిరింది. తెలుగువి అక్కడ తక్కువ. చెన్నైలోనే ఉన్న తూలిక తెలుగులో కూడా పిల్లల పుస్తకాలు వేస్తుంది, అవి ముందు కొన్నాం. నేషనల్ బుక్ ట్రస్ట్‌వి కొన్ని దొరికాయి. సికింద్రాబాద్‌లో ఉన్న 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళకి ఆర్డర్ పెట్టాం. విజయవాడలో కొన్నవాటిని ఒక పిల్లాడి మేనమామ పినాకిని రైల్లో తెచ్చి చెన్నై సెంట్రల్‌లో దించాడు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, ఎవరైనా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఒకటి, రెండు తరగతులకి అలా వేయించి స్పైరల్ బైండు చేయించాం. పోయినా మళ్ళీ వేసుకోవచ్చు. వరదొచ్చే ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

ఫ్రీజర్ పొంగల్ తర్వాత ఖాళీ చేసి ఇచ్చాం. బైండులు కొద్దికొద్దిగా బయటికి తీసి మా కాలేజీలో ఆరబెడుతున్నాం. చాలావరకు నిలిచాయి. కొన్నిటికి గోధుమ రంగు మరకలు ఉండిపోయాయి, అవి పోవు.

మార్చి

రద్దు కాగితాలు, అంటే పాడైన పుస్తకాలని స్టాకులోంచి కొట్టేయించే కాగితాలు. దీని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు గానీ, బడులన్నిటికీ అసలు భయం ఇదే కాబట్టి రాస్తున్నాను. పాడైన పుస్తకాన్ని పారేస్తే ఆడిట్‌లో తన మెడకి చుట్టుకుంటుందని టీచరు బూజు పట్టినదాన్ని కూడా బీరువాలో దాచుతుంది. అది పక్కవాటికి అంటుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి 2017లో ఒక లెక్క ఉంది: ఏడాదిలో చదువరులకి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ అయిదు పోవడం మామూలే, వెయ్యి రూపాయలు దాటినదో అరుదైనదో పోతే మాత్రం విచారణ జరగాలి. అది రోజువారీ వాడకంలో పోయేవాటికి, వరదకి కాదు. ఈ బడికి ఆ నియమావళి వర్తించకపోయినా, ఆడిట్ అడిగే తీరు అదే. కాబట్టి మునిగిన ప్రతి పుస్తకానికీ నంబరు, ముద్ర ఉన్న పేజీ ఫోటో, ర్యాక్ ఫోటో, నీటి గీత ఫోటో, ఇద్దరి సంతకాలు జతచేసి బడి కమిటీ ముందు పెట్టాం. మొదటి పూట ఆగమన్నది ఇందుకేనని హెడ్మాస్టర్ గారు కమిటీలో తనే చెప్పారు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

జూన్

కొత్త ర్యాకులు స్టీలువే తీసుకున్నాం. నొక్కుడు చెక్కవి నీళ్ళు తాగి పెట్లిపోయాయి. గోడకి జానెడు దూరంగా పెట్టించాం, వెనక గాలి ఆడాలని.

కింది అరల మీద మాత్రం పెద్ద చర్చే జరిగింది. "ఈసారి చిన్న పుస్తకాలన్నీ పైన పెట్టేద్దాం, పీడ పోతుంది" అన్నారు కమిటీలో ఒకాయన. పైన పెడితే వరదకి పోవు, పిల్లలకీ అందవు. ఏడాదిలో ఒక వారం భయానికి మిగతా ఏడాదంతా పిల్లలు టీచర్ని అడుక్కుని పుస్తకం తీసుకోవాలా? ఇక్కడ వాన ఎప్పుడొస్తుందో మనకి తెలుసు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. ఆ మూడు నెలలు కింది అరల పుస్తకాలు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటాయి, డబ్బాలు అదే అరల్లో ఉంటాయి. పిల్లలు మూత తీసి తీసుకుంటారు. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే డబ్బాతో సహా మొదటి అంతస్తుకి. టీచరమ్మ వెంటనే ఒప్పుకున్నారు. కమిటీ ఆయన "ఎవరు మోస్తారు?" అన్నారు. మంచి ప్రశ్నే.

అక్టోబర్ 16, 2024

జవాబు దొరికింది. సోమవారం 14న భారీ వర్షాల హెచ్చరిక, మర్నాడు బడులకి సెలవన్న ప్రకటన రెండూ వచ్చాయి. 16కి రెడ్ అలర్ట్. సెలవు మాట వినగానే ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని టీచరమ్మ మెట్ల మీద వరసగా నిలబెట్టి డబ్బాలు చేతులు మారుస్తూ పైకి పంపించారు. నేను వెళ్ళేసరికి పని సగం అయిపోయింది.

తేలిన సంగతులు: డబ్బా నిండా పుస్తకాలుంటే ఇద్దరు పిల్లలు పట్టుకున్నా మెట్ల మలుపు దగ్గర ఇబ్బందే. సగం సైజు డబ్బాలు కావాలి, ఇవి తిరిగి ఇచ్చి మార్చుకోవడానికి డబ్బాల కొట్టాయన ఒప్పుకున్నాడు. మూతల మీద తరగతి పేరు రాయలేదు, పైన అన్నీ కలిసిపోయాయి. రెండు రిజిస్టర్లూ ఈసారి పైకి వెళ్ళాయి గానీ, స్టాక్ రిజిస్టర్‌ని ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టే పని ఇంకా సగంలోనే ఉంది. ఈసారి గదిలోకి నీళ్ళు రాలేదు. డబ్బాలు డిసెంబర్ దాకా పైనే ఉంచాలని హెడ్మాస్టర్ గారు, సోమవారానికల్లా కిందికి దించాలని టీచరమ్మ. నేను టీచరమ్మ వైపు.